సోషల్ రోబోలు: ఇష్టం ముందు, నమ్మకం తరువాత

మనుషుల మధ్య మసలుతూ మాటలతోనో చేష్టలతోనో పలకరించే సోషల్ రోబోలను జనం దగ్గరికి రానిస్తారా అన్న సందేహానికి, అలాంటి రోబోలు రాకముందే ఒక జవాబు దొరికింది. అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసి 1966లో వెల్లడించిన ఎలైజా అనే కంప్యూటర్ సంభాషణ ప్రోగ్రాముకు, అవతలివారి మాటలను అటూఇటూ మార్చి ప్రశ్నలుగా తిప్పి అడగడమే తెలుసు. అయినా, అది తయారవుతున్న తీరును నెలల తరబడి చూసిన ఆయన కార్యదర్శే, దానితో కాసేపు మాట్లాడాక, ఏకాంతం కోసం ఆయనను గదిలోంచి బయటికి వెళ్లమని కోరింది.

రూపం విషయంలో మాత్రం చిక్కు వచ్చింది. రోబో మనిషిని పోలేకొద్దీ ఇష్టం పెరుగుతుందని, పోలిక దాదాపు పూర్తయ్యే చోట అది హఠాత్తుగా వెగటుగా మారుతుందని జపాన్ ఇంజనీరు మసాహిరో మోరి 1970లో ప్రతిపాదించాడు. పారో అనే బొమ్మ రోబో రూపకర్త తకనోరి షిబాతా మనిషి ముఖం జోలికే పోలేదు. కుక్క, పిల్లి ఆకారాలైతే చూసేవారు అసలు జంతువుతో పోల్చి పెదవి విరుస్తున్నారని గమనించి, ఎవరూ ఇంట్లో పెంచి ఎరుగని సీల్ పిల్లను ఎంచుకున్నాడు. నిమిరితే కదిలి కూసే ఈ బొమ్మను డిమెన్షియా ఉన్న వృద్ధుల సంరక్షణలో వాడుతున్నారు. 2009లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని వైద్య పరికరంగా గుర్తించింది.

అంటే ఇష్టం సంపాదించడం మరీ కష్టమేమీ కాదు. సోనీ మరమ్మతులు ఆపేశాక మూలనపడ్డ ఐబో అనే రోబో కుక్కలకు జపాన్‌లో ఒక బౌద్ధాలయం అంత్యక్రియలే జరిపింది. నా దృష్టిలో అసలు సమస్య నమ్మకం తక్కువ కావడం కాదు, అర్హతకు మించి పోవడం. 2016లో జార్జియా టెక్ పరిశోధకులు వెల్లడించిన ప్రయోగంలో, ఒక భవనంలో పొగ కమ్మి అలారం మోగగానే, పాల్గొన్న 26 మందీ లోపలికి వచ్చిన దారిని వదిలి రోబో చూపిన వైపే నడిచారు. వారిలో సగం మంది, కొద్ది నిమిషాల ముందే ఆ రోబో దారి చూపడంలో తడబడటం కళ్లారా చూసినవారు.

యంత్రంపై నమ్మకం దాని సామర్థ్యానికి సరితూగాలని పరిశోధకులు జాన్ లీ, కత్రినా సీ 2004లోనే వాదించారు. ఎదుట ఉన్నది ఏఐ అని మనిషికి తెలియాలని యూరోపియన్ యూనియన్ 2024లో చట్టం చేసింది. అయితే పొగలో నడిచినవారికి అది రోబో అని తెలుసు; తెలియనిదల్లా ఎక్కడ దాని మాట వినకూడదన్నదే, ఆ సంగతి రోబో కూడా వారికి చెప్పలేదు.