విశ్వాస సమర్థన: పరంగిమలై శిలువతో మొదలుపెట్టి కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నై తెలుగు సంఘాల యూత్ మీటింగుల్లో చేతులు మారే నోట్సుల్లో కొన్ని తప్పులు ఏళ్ల తరబడి అలాగే తిరుగుతున్నాయి. ప్రశ్న అడిగేవాడు ఫోన్ తీసి రెండు నిమిషాల్లో పట్టుకోగల తప్పులివి.

అపోహ: యేసు శిష్యుడు తోమా మైలాపూరు వచ్చాడని గొండోఫారిస్ అనే రాజు నాణేలు రుజువు చేశాయి.

వాస్తవం: మూడో శతాబ్దపు ‘తోమా కార్యములు’లో ఈ రాజు పేరుంది. కల్పిత పాత్రేమో అన్న అనుమానం 19వ శతాబ్దంలో నాణేలు, తఖ్త్-ఇ-బాహీ శాసనం దొరికాక పోయింది. రాజు నిజమే. కానీ ఆయన ఏలింది గాంధార, పంజాబు వైపు. ఆ నాణెం పట్టుకుని మైలాపూరు దాకా రాలేం. పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మీద 1547లో పోర్చుగీసువాళ్లకు దొరికిన శిలువ మీది పహ్లవీ (పాత పర్షియా భాష) రాత కూడా తోమా కాలానికి కొన్ని వందల ఏళ్ల తర్వాతిది. పర్షియాతో సంబంధమున్న పాత క్రైస్తవ సమాజం ఇక్కడ ఉండేదనడానికి అది చక్కని ఆధారం. తోమా సమాధి గురించి 13వ శతాబ్దంలో మార్కో పోలో కూడా రాశాడు. తోమా ఇక్కడికి వచ్చాడన్నదాన్ని ‘సంప్రదాయం’ అనే చెప్పండి, ‘రుజువు’ అనకండి.

అపోహ: విశ్వాసాన్ని సమర్థించడానికి ఏ పద్ధతైనా ఎవరికైనా పనిచేస్తుంది.

వాస్తవం: సాంప్రదాయిక పద్ధతి ముందు దేవుడున్నాడని తర్కంతో చూపి, ఆ తర్వాతే పునరుత్థానానికి వస్తుంది. సాక్ష్యాధార పద్ధతి నేరుగా చరిత్రతో మొదలుపెడుతుంది. 20వ శతాబ్దపు వేదాంతి వాన్ టిల్ దారి వేరు: అసలు నీ తర్కం, నీ నీతి దేని మీద నిలబడ్డాయని ఎదుటివారి పునాదినే అడుగుతుంది. ‘నమ్మినదాన్నే రుజువుగా చూపిస్తున్నారు’ అనే ఆక్షేపణ దీనికి తప్పదు.

రోజూ పూజ చేసుకునే పక్కింటాయనకు దేవుడున్నాడని గంటసేపు వాదించడం దండగ. అలాగని నేరుగా ఖాళీ సమాధి దగ్గరికి వెళ్తే ‘మంచిదండీ, ఇంకో అవతారం’ అంటారు. సృష్టికర్త, సృష్టి వేరనే మాట ముందు తేల్చుకోవాలి.

అపోహ: ప్రతిదానికీ కారణం ఉంది, కాబట్టి దేవుడున్నాడు.

వాస్తవం: ‘మరి దేవుడికో?’ అన్న ప్రశ్న అక్కడే కాచుకుని ఉంటుంది. ‘ప్రారంభం ఉన్న ప్రతిదానికీ’ అనాలి. మధ్యయుగపు ముస్లిం తత్వవేత్త అల్ గజాలీ వాదం కూడా అలాగే ఉంది. అదైనా ఒక కారణం దగ్గరే ఆగుతుంది, త్రిత్వం దాకా పోదు.

అపోహ: బైబిల్ పుస్తకాలను 325లో బిషప్పులు కూడిన నైసియా సభ ఎంపిక చేసింది.

వాస్తవం: ఆ సభ చేసిన 20 నియమాల్లో ఆ ఊసే లేదు. కొత్త నిబంధనలోని సరిగ్గా ఈ 27 పుస్తకాలతో మనకు దొరికే తొలి జాబితా అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ 367లో రాసిన పండుగ లేఖలోది.

అపోహ: యేసు పునరుత్థానాన్ని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఒప్పుకున్నాడు.

వాస్తవం: ఆయన యూదుల చరిత్ర 18వ పుస్తకంలోని ఆ భాగంలో క్రైస్తవ లేఖకుల చేయి పడిందని చాలామంది పండితుల అభిప్రాయం. 20వ పుస్తకంలో యాకోబును యేసు సోదరుడన్న ప్రస్తావన గట్టిది. రోమా చరిత్రకారుడు టాసిటస్ పిలాతు చేతి మరణశిక్ష గురించి చెప్పాడు. ఇవి సిలువ దాకానే పనికొస్తాయి. పునరుత్థానానికి 1 కొరింథీయులకు 15:3-7 తెరవండి. ఉత్తరం సుమారు 55 నాటిది. ‘నాకియ్యబడిన ఉపదేశము’ అన్న మాట దగ్గర ఆగండి: పౌలు అప్పటికే తాను అందుకున్నదాన్ని అప్పగిస్తున్నాడు. కాబట్టి ఆ వాక్యాల్లోని ఉపదేశం వయసు ఉత్తరం కంటే ఎక్కువ. ఎంత ఎక్కువ అన్నదాని మీదే ఇప్పటి చర్చంతా.