"ఇంకోసారి చేయండి, చాచా"

హైదరాబాద్ లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే ఒక పెద్దాయన్ని షూట్ చేస్తున్నాం. కుంపటి మీద మెత్తబడ్డ లక్కని ఆయన సాగదీసి గుండ్రంగా చుట్టే సమయానికి సరిగ్గా ఫోకస్ పోయింది. "ఇంకోసారి చేయండి, చాచా" అన్నాను. చేశారు. ఈసారి నెమ్మదిగా, కెమెరాకి కనబడేలా చేతులు కాస్త పైకెత్తి. ఎడిటింగ్‌లో ఆ రెండోదే ఉంచి, నా గొంతు తీసేశాం. అది మోసమా? డాక్యుమెంటరీతో పాటే పుట్టిన ప్రశ్న ఇది.

1922లో వచ్చిన రాబర్ట్ ఫ్లాహర్టీ 'నానూక్ ఆఫ్ ద నార్త్', కెనడా ఉత్తరాన మంచు ప్రాంతంలో బతికే నానూక్ అనే వేటగాడి మీద తీసిన డాక్యుమెంటరీ. అందులో ఇగ్లూ, అంటే మంచు ఇల్లు, లోపల వెలుతురు చాలక, ఒక పక్క తెరిచి ఉంచిన ఇగ్లూలో షూటింగ్ చేశారు. పోనీ, అప్పటి కెమెరాల ఇబ్బంది అది. కానీ అప్పటికే తుపాకులు వాడుతున్న వేటగాళ్ల చేతికి పాత ఈటెలు ఇచ్చారు. 'నానూక్' అసలు పేరు అల్లకారియల్లక్ అని ప్రేక్షకులకి చెప్పనేలేదు. ఇది నాకు మింగుడు పడదు. సాటి మనిషిని పాతకాలం బొమ్మగా మార్చేశారు.

మన దేశంలో సమస్య ఇంకో దారిలో వచ్చింది. 1948లో ప్రభుత్వం ఫిల్మ్స్ డివిజన్ పెట్టింది. దశాబ్దాల పాటు హైదరాబాద్ థియేటర్లలోనూ అసలు సినిమాకి ముందు దాని రీలు పడాల్సిందే. ఆనకట్టలు, ప్రారంభోత్సవాలు, వెనక ఒక గంభీరమైన గొంతు. తెర మీది ఆనకట్ట నిజమే, నీళ్లూ నిజమే. ముంపు ఊళ్ల జనం ఏమయ్యారో మాత్రం ఆ గొంతు సాధారణంగా ఎత్తేది కాదు. ఎవరి తరఫున మాట్లాడుతోందో కూడా చెప్పేది కాదు. వినేవాళ్లకి దేశమే మాట్లాడుతున్నట్టు ఉండేది. 1975 ఎమర్జెన్సీలో అది నేరుగా ప్రభుత్వ ప్రచారానికే పనికొచ్చింది. 2022లో ఆ సంస్థని ఎన్.ఎఫ్.డి.సి.లో (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో) కలిపేశారు.

ఈ నగరంలోనే పుట్టిన డాక్యుమెంటరీ దర్శకురాలు దీపా ధన్‌రాజ్, 1984లో ఇక్కడ జరిగిన మతకల్లోలాల మీద 1986లో 'క్యా హువా ఇస్ షహర్ కో' తీశారు. ఆ సినిమాకి ఒక పక్షం ఉంది, నష్టపోయిన మామూలు జనం పక్షం. దాన్ని దాచుకోదు కాబట్టి చూసేవాళ్లు ఒప్పుకోవచ్చు, వాదించనూ వచ్చు. పక్షం ఉండటాన్నే అబద్ధం అనేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే.

మా గాజుల సినిమాలో చాచా చేతుల షాట్ అలాగే ఉంది. ఫైనల్ కట్‌లో దాని ముందు నా గొంతు తిరిగి పెట్టాం.