ఎండకు కొలత ఎలా వచ్చింది

పక్క ఖాళీ జాగాలో పునాది తవ్వడం మొదలైందంటే చుట్టుపక్కల ఇళ్లలో టెన్షన్ మొదలైనట్టే. ఎండ పోతుందని ఒకరు, గాలి ఆడదని ఇంకొకరు, బాల్కనీలోంచి చెరువు ఇక కనబడదని మరొకరు. ముగ్గురి బాధా నిజమే. కానీ కోర్టు మెట్లెక్కాక ఈ మూడింటికీ ఒకే విలువ ఉండదు. ఆ తేడా ఎక్కడ మొదలైందో చూడాలంటే 1610 నాటి ఒక పందుల దొడ్డి దగ్గరికి వెళ్లాలి.

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో విలియం ఆల్డ్రెడ్ ఇంటి పక్కనే థామస్ బెంటన్ ఆ దొడ్డి కట్టాడు. కంపు భరించలేక ఆల్డ్రెడ్ దావా వేశాడు. పందుల వాసనకే ఓర్చుకోలేనంత నాజూకు ముక్కు ఉంటే ఎలా అని అవతలి వాదన. అది చెల్లలేదు, ఆల్డ్రెడే గెలిచాడు. గాలి, వెలుతురు మనిషికి అవసరం కాబట్టి వాటికి అడ్డుపడితే దావా వేయొచ్చనీ, కిటికీలోంచి కనిపించే దృశ్యం మాత్రం ఉత్త ఆనందమే కాబట్టి దానికి దావా లేదనీ అప్పుడే తేల్చేశారు. నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ గీత పెద్దగా చెరగలేదు.

వెలుతురు హక్కేనని ఒప్పుకున్నాక అది ఎవరికి దక్కుతుందనే ప్రశ్న వచ్చింది. 1832లో ఇంగ్లండ్ చట్టం దీనికి 20 ఏళ్ల లెక్క పెట్టింది. అన్నేళ్లు అడ్డు లేకుండా కిటికీలోకి వెలుగు వస్తూ ఉంటే ఆ కిటికీకి హక్కు ఏర్పడుతుంది. పక్కవాళ్ల స్థలం మీద మనకుండే ఇలాంటి హక్కుల గురించి చెప్పే మన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలోకీ అదే 20 ఏళ్ల లెక్క వచ్చింది. పాత ఇంటికి ఇది బాగానే ఉంటుంది. మొన్న కట్టిన ఫ్లాట్‌కు ఎందుకూ పనికిరాదు.

ఎంత వెలుగు తగ్గితే నష్టం అన్నది ఇంకో చిక్కు. 1904లో ఇంగ్లండ్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పినదేమిటంటే, ఎంత పోయిందో కాదు, మామూలు అవసరాలకు సరిపడా మిగిలిందా లేదా చూడాలి. 'సరిపడా' అంటే ఎంత? 1920లలో పెర్సీ వాల్‌డ్రామ్ అనే నిపుణుడు దానికి ఓ అంకె ఇచ్చాడు. బల్ల ఎత్తులో, ఆకాశం మొత్తం ఇచ్చే వెలుగులో 500వ వంతు అందితే చాలన్నాడు. అంతకన్నా తగ్గితే గదిలో కూర్చున్నవాళ్లు సణగడం మొదలుపెడతారట. గదిలో సగం మేర ఆ వెలుగు అందుతుంటే ఫర్వాలేదన్న లెక్క ఇంగ్లండ్‌లో చాలాకాలం నడిచింది. సణుగుడుకు కూడా అంకె కట్టారంటే నవ్వొస్తుంది కానీ, కోర్టులో నిలబడేది అలాంటి అంకే.

అమెరికా ఈ దారి పట్టలేదు. 1959లో మయామీ బీచ్‌లో ఒక హోటల్ 14 అంతస్తుల కొత్త భాగం కడుతుంటే, దాని నీడ మా ఈతకొలను మీద పడుతోందని పక్క హోటల్ కోర్టుకెళ్లింది. ఒప్పందమో చట్టమో ఉంటే తప్ప ఎండ మీద హక్కు లేదని ఫ్లోరిడా అప్పీలు కోర్టు కొట్టేసింది.

ఎండ విషయంలో లోతుగా వెళ్లింది జపాన్. టోక్యోలో ఒకతను దక్షిణం వైపు అనుమతి లేకుండా రెండో అంతస్తు వేసి పొరుగింటి ఎండకు అడ్డుపడ్డాడు. ఆరోగ్యంగా, హాయిగా బతకడానికి ఎండ, గాలి కావాలని, వాటికి చట్టం అండ ఉంటుందని 1972లో సుప్రీంకోర్టు పరిహారానికి ఒప్పుకుంది. సమాజంలో బతికేవాళ్లు ఎంతవరకు ఓర్చుకోవచ్చో ఒక హద్దు ఉంటుంది, అది దాటితేనే తప్పు అన్నది ఆ తీర్పుకు ఆయువుపట్టు. తర్వాత 1976లో నిర్మాణ చట్టాన్ని మార్చి నీడకు గంటల లెక్క పెట్టారు. పగలు అతి తక్కువగా ఉండే రోజున, ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపు, కొత్త భవనం నీడ పక్క స్థలం మీద ఎన్ని గంటలు పడవచ్చో స్థానిక నిబంధన చెబుతుంది. గొడవ కోర్టు దాకా రాకముందే ప్లాన్‌లోనే తేలిపోయే ఏర్పాటన్న మాట.

అదే జపాన్‌లో దృశ్యం మాటెత్తినవాళ్లు మాత్రం ఓడిపోయారు. కునితాచిలో చెట్లు బారులు తీరిన వీధి పక్కన సుమారు 44 మీటర్ల అపార్ట్‌మెంట్ లేచింది. ఊరు 20 మీటర్ల ఎత్తు హద్దు పెట్టేసరికే అక్కడ తవ్వకం మొదలైపోయింది. 2002లో జిల్లా కోర్టు ఒక భాగంలో 20 మీటర్ల పైనున్నదంతా తీసేయమంది. పై కోర్టు దాన్ని కొట్టేసింది. 2006లో సుప్రీంకోర్టు, పరిసరాల అందం కూడా చట్టం కాపాడదగిన ప్రయోజనమేనని ఒప్పుకుంటూనే, కేసు మాత్రం కొట్టేసింది. కట్టడం మొదలైననాటి నిబంధనలను బిల్డర్ మీరలేదు కదా! నివాసులకు దక్కింది సూత్రం, బిల్డర్‌కు దక్కింది భవనం.

ఢిల్లీ పక్కనున్న నోయిడా జంట టవర్ల కేసులో నివాసులు గెలవడానికి కారణమూ ఇక్కడే కనిపిస్తుంది. వాళ్లు దృశ్యం గురించి కొట్లాడలేదు. మొదట మంజూరైన ప్లాన్‌లో తోట అని చూపించిన చోట టవర్లు లేచాయి. భవనాల మధ్య 16 మీటర్ల దూరం ఉండాల్సిన చోట 9 మీటర్లే ఉంది. ప్లాన్ మార్చేటప్పుడు ఫ్లాట్ల యజమానుల సమ్మతి తీసుకోలేదు. అంటే కాగితం మీద ప్లాన్, నేల మీద టేపు, రెండూ వాళ్ల చేతిలో ఉన్నాయి. నివాసుల సంఘం 2012లో హైకోర్టుకెళ్లింది. 2014లో కూల్చమని హైకోర్టు చెప్పింది, 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2022 ఆగస్టు 28న సుమారు 100 మీటర్ల టవర్లు కొన్ని సెకన్లలో నేలకూలాయి. ఆ 7 మీటర్ల తేడా తేలడానికి దాదాపు పదేళ్లు పట్టింది.