మలావీ పల్లె పాస్టర్‌తో స్నేహం: అపోహలు - వాస్తవాలు

అందరికీ వందనాలండి. ఆఫ్రికాలోని మలావీ దేశం దక్షిణాన, ములాంజే కొండ దగ్గర పల్లెల్లో సంఘ పెద్దలకి బైబిల్ ట్రైనింగ్ ఇవ్వడం నా పని. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మన సంఘాల్లో సాక్ష్యం చెప్పమంటారు, చెప్పడం అయ్యాక అడిగే ప్రశ్నల్లో చాలావరకు అక్కడ నాతో కలిసి సేవ చేసే పాస్టరుగారి గురించే, అందులోనూ జాలే ఎక్కువ. అక్కడ పాస్టర్ని అబుసా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఆయన నా స్నేహితుడు. మీరు జాలిపడాల్సిన మనిషి కాదు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: సువార్త చెప్పేది మిషనరీ, లోకల్ పాస్టర్ పక్కన నిలబడి ట్రాన్స్‌లేట్ చేస్తాడు.

వాస్తవం: మొదట్నుంచీ ఎక్కువ పని చేసింది వాళ్ళేనండి. 1876లో స్కాట్లాండ్ వాళ్ళు బ్లాంటైర్‌లో మిషన్ మొదలుపెట్టారు, అదే ఏడాది ఉత్తరాన లివింగ్‌స్టోనియా మిషన్‌కి దక్షిణాఫ్రికా నుంచి విలియం కోయి అనే ఖోసా తెగ సువార్తికుడు వచ్చి అంగోని తెగవాళ్ళ మధ్య సేవ చేస్తూ 1886లో అక్కడే చనిపోయారు, ఆయన పేరు మన దగ్గర ఎవరైనా విన్నారా? బ్లాంటైర్‌లో స్థానికుడు పాస్టర్ కావడానికి 1911 దాకా పట్టింది, హ్యారీ కంబ్విరి మటెచెటా గారు. 35 ఏళ్ళు! అప్పటిదాకా పల్లెల్లో వాక్యం చెప్పింది, పిల్లలకి అక్షరాలు దిద్దించింది చాలావరకు ఇలాంటి వాళ్ళే, రిపోర్టుల్లో మాత్రం తెల్లదొరల పేర్లే ఎక్కువ కనిపిస్తాయి. అక్కడి భాష చిచేవా నాకు ఇప్పటికీ అంతంతమాత్రమే కాబట్టి క్లాసులో నేను చెప్పింది అబుసా మళ్ళీ విడమర్చి చెప్తారు, పెద్దలు నోట్సు రాసుకునేది అప్పుడే.

అపోహ: పల్లె పాస్టర్ పెద్దగా చదువుకోలేదు, ఆదివారం ప్రసంగం తప్ప ఆయనకి వేరే పనేముంటుంది.

వాస్తవం: ఇది విన్నప్పుడల్లా నాకు చాలా బాధగా ఉంటుంది. అక్కడ ఒక్క పాస్టర్ కింద ఒక్క చర్చే ఉండదు, ఊరూరా ఉన్న ప్రార్థన మందిరాలన్నీ ఆయనవే, ఒక ఆదివారం ఆయన ఒకచోట ఉంటే మిగతాచోట్ల పెద్దలు ఆరాధన నడిపిస్తారు, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వడానికి మాత్రం ఆయనే వెళ్ళాలి, అదీ సైకిల్ మీద. సొంత మొక్కజొన్న చేను కూడా చూసుకోవాలి, ఎందుకంటే కానుకలు అరకొరే, కొందరు డబ్బు బదులు మొక్కజొన్నే తెస్తారు. వీటన్నిటికన్నా పెద్ద పని చావులు. ఒకసారి ఆయనతో ఒక ముసలామె భూస్థాపనకి వెళ్ళాను. ముందు ఊరి పెద్దని పలకరించి, తర్వాత ఏడుస్తున్న కొడుకు పక్కన నేల మీద కూర్చుని, చాలాసేపు ఆయన నోరు విప్పలేదు. ఆడవాళ్ళు తలా కాస్త పిండి తెచ్చి ఒకే గంపలో పోస్తున్నారు, వచ్చినవాళ్ళకి వంట దాంతోనే. సమాధి దగ్గర చేసిన ప్రార్థనలో ఆమె ఎవరెవరికి ఉప్పు అప్పిచ్చిందో, ఎవరి పిల్లని కాన్పు టైములో చూసుకుందో పేర్లతో సహా చెప్పి దేవుడికి స్తోత్రం చెప్పారు. ఏ సెమినరీలో నేర్పుతారండి ఇది.

2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను వచ్చినప్పుడు ములాంజే, ఫలోంబే వైపు కొండచరియలు, బురద ఇళ్ళమీద పడ్డాయి, దేశం మొత్తంమీద చనిపోయినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు కలిపి వెయ్యి దాటారు. సాయానికి వచ్చినవాళ్ళు లిస్ట్ అడిగితే ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరు మంచంలో ఉన్నారు, ఎవరు టీ తోట పనికెళ్ళి ఇంకా రాలేదు అన్నీ అబుసా చూడకుండా చెప్పారు. నెలల తరబడి గడప గడపకీ తిరిగిన మనిషికే అది సాధ్యం.

అపోహ: స్నేహమంటే ఆయనకి మనం సాయం చేయడం.

వాస్తవం: 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య గారు తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీ ఆస్తి బీదలకిచ్చారు, మీ శరీరాలు కాల్చబడడానికిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. రెండేళ్ళకి ఆయనే మన డోర్నకల్ బిషప్ అయ్యారు. అప్పుడు అడిగింది మనం, ఇప్పుడు ఇవ్వాల్సిన చోట ఉన్నదీ మనమే, మరి మనం చేసేదేంటి? పాస్టర్ చేతిలో కవరు పెట్టి ఫోటో తీసి స్టేటస్ పెట్టడం. ఆ కవరు వల్ల ఆయనకి పెద్దలతో ఇబ్బంది, పక్క పాస్టర్లతో ఇబ్బంది. ఇవ్వాలనుకుంటే పెద్దల కమిటీ ద్వారా, అందరికీ తెలిసేలా ఇవ్వండి. ఇంకోటి, మర్యాదకి "చూద్దాం" అనేసి వచ్చేయకండి, వాళ్ళు దాన్ని మాటగా తీసుకుని ఎదురుచూస్తారు. వాళ్ళింట్లో పెట్టింది వద్దనకుండా తినండి, జనవరి ఫిబ్రవరిలో గాదెలు ఖాళీ అయ్యే రోజుల్లో కూడా పాస్టరమ్మగారు మన సంకటి లాంటి ఎన్‌సీమా వండి, గుమ్మడాకు కూరలో వేరుశనగ పిండి కలిపి పెడతారు, వద్దంటే ఆమెకి అవమానం. చేతులమీద నీళ్ళు పోసేది కూడా ఇంటివాళ్ళే, పోయనివ్వండి. ఎప్పుడూ ఇచ్చేవాడిగానే ఉంటే దాత అవుతాం, స్నేహితులం కాలేం.

అపోహ: మనం ఇండియన్స్ కాబట్టి తెల్లవాళ్ళలా కాదు, మనల్ని సొంతవాళ్ళలా చూస్తారు.

వాస్తవం: వెంటనే చూడరు. అక్కడ టౌన్లలో షాపులు, హోల్‌సేల్ చాలావరకు మనదేశం నుంచి వెళ్ళినవాళ్ళవే, పల్లె మనిషి ఇండియన్‌ని చూసేది కౌంటర్ అవతలే. నేనూ మొదట్లో వాళ్ళ దృష్టిలో షాపు సేటునే. అబుసా నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని ఊరూరా తిప్పి నా తమ్ముడు అని చెప్పాకే తలుపులు తెరుచుకున్నాయి.

అపోహ: తెలుగువాళ్ళకి ఆఫ్రికా సేవ కొత్త.

వాస్తవం: 1903లోనే నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి వెళ్ళారు, అక్కడి చెరకు తోటల తెలుగు కూలీల మధ్య సేవకి, తెలుగు బాప్టిస్టు సంఘాలే పంపాయి.

వెళ్ళాలని భారం ఉన్నవాళ్ళకి ఒక్క మాట. పదిరోజుల ట్రిప్పుకి ప్లాన్ చేయకండి. ముందు భాష నేర్చుకోండి, 1922 నాటి చిచేవా బైబిల్ ఇప్పటికీ వాడుకలో ఉంది, దాంట్లో మార్కు సువార్త రోజూ కొంచెం పైకి చదవండి. మీ ప్రోగ్రాం రాసి పంపేముందు అక్కడి పాస్టర్‌ని మీకు ఏ నెలలో తోడు కావాలి అబుసా అని అడగండి, ఆయన చెప్పిన నెలకే టికెట్ తీసుకోండి.