సంతకం చేసే ముందు ఆ కాగితం చదివించండి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మీలో కొందరు జిల్లా జట్టుకు ఎంపికయ్యారని తెలిసి ఎంతో సంతోషించాను. ఆట గురించి చెప్పేవాళ్లు మీకు మైదానం నిండా ఉన్నారు. నేను కాగితాల గురించి రాస్తాను.

ఒక స్థాయి దాటాక ఆటతోపాటు కాగితాలూ వస్తాయి: పుట్టిన తేదీ ధ్రువపత్రం, అకాడమీ ఒప్పందం, డాక్టరు రాసిన మందుల చీటీ. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఏళ్ల సాధన ఆగిపోతుంది. ఇవన్నీ మీ పీఈటీ సారే చూసుకోవాలనడం న్యాయం కాదు. వీటిని చదవడం నేర్చుకుంటున్నవాళ్లు లా కాలేజీల్లో ఉన్నారు. హైదరాబాద్ దగ్గర శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. లా చదువుల ప్రమాణాలు నిర్ణయించే బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ప్రతి లా కాలేజీలోనూ న్యాయ సహాయ కేంద్రం ఉండాలి. క్రీడా చట్టం అనగానే ప్రసార హక్కులు, కోట్ల ఒప్పందాలు గుర్తొస్తాయి. ఆ చదువుకు అసలు పరీక్ష జిల్లా పరిషత్ పాఠశాల మైదానంలోనే అని నా నమ్మకం.

ఒప్పందాన్నే తీసుకుందాం. శిక్షణ, వసతి, భోజనం ఉచితమని మొదటి వాక్యం చెబుతుంది. ఐదేళ్లలోపు మానేస్తే ఖర్చంతా తిరిగి కట్టాలని రెండోది. ఇంట్లోవాళ్లు మొదటిది చూసి మురిసిపోతారు. లా విద్యార్థి రెండోదాని దగ్గర ఆగుతాడు. మోకాలు దెబ్బతిని మానేసినా కట్టాలా? ఆ ఖర్చు ఎంతో ఎవరు లెక్కగడతారు? 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారికి ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అలాంటి ఒప్పందం చెల్లదని మొహరీ బీబీ కేసులో, బ్రిటిష్ పాలనలో మనకు అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. అయితే సొమ్ము మేమే కడతామని అమ్మో నాన్నో తమ పేరుతో సంతకం పెడితే ఆ భారం వాళ్ల మీద పడవచ్చు. కూలి పని ముగించుకుని వచ్చిన తండ్రికి ఈ ఒక్క సంగతి తెలుగులో, ఓపికగా విడమరిచి చెబితే ఆ విశ్వవిద్యాలయం మన జిల్లాకు పనికొచ్చినట్టే.

మందుల విషయంలో నియమాలు మరీ కఠినం. నిషిద్ధ పదార్థం మీ ఒంట్లో దొరికితే చాలు, తప్పు నమోదవుతుంది. తెలిసి వాడారా, తెలియక వాడారా అన్నది శిక్ష దగ్గర తేలే విషయం. జిమ్ములో ఎవరో ఇచ్చిన పొడి డబ్బా కూడా కొంప ముంచగలదు. నిజంగా అవసరమైన మందైతే వైద్య పత్రాలు జోడించి మినహాయింపు కోరవచ్చు. ఆ దరఖాస్తు నింపడంలో లా విద్యార్థి సాయం అక్కరకొస్తుంది.

పరుగుల రాణి ద్యుతీ చంద్ పేరు మీరు వినే ఉంటారు. ఒడిశాలో నేత కుటుంబంలో పుట్టింది. శరీరంలో సహజంగానే ఒక హార్మోను ఎక్కువగా ఉందని 2014లో, కామన్వెల్త్ క్రీడల ముందు, ఆమెను జట్టు నుంచి తప్పించారు. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. కెనడా న్యాయవాదులు ఫీజు తీసుకోకుండా ఆమె తరఫున వాదించారు. 2015 జులైలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ నిబంధన అమలును నిలిపివేసింది. హైదరాబాద్‌లో సాధన చేసిన ద్యుతీ 2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగులో పోటీపడింది. అదే ద్యుతీకి 2023లో డోపింగ్ (నిషిద్ధ పదార్థాల వాడకం) కేసులో నాలుగేళ్ల నిషేధం పడింది. అంత పెద్ద కేసు గెలిచిన క్రీడాకారిణికి కూడా మందు మింగేముందు సరైన సలహా అవసరమే.

వయసు తగ్గించి ఆడమని ఎవరు చెప్పినా వినకండి. శిక్షకుడైనా మరొకరైనా హద్దు మీరితే మాత్రం ఏ కాలేజీ కోసమూ ఆగకుండా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం మీ పక్షాన ఉంది.

విశ్వవిద్యాలయాల పెద్దలకూ ఒక విన్నపం. ఏడాదికోసారి సదస్సు పెట్టి, ఫొటో దిగి వెళ్లిపోతే చాలదు. అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు నెలకోసారి ఒకే మైదానానికి రావాలి. పిల్లలు వాళ్లను పేరు పెట్టి పిలిచేంత చనువు ఏర్పడాలి. అప్పుడే అసలు సమస్యలు బయటికొస్తాయి.

మీకు దగ్గర్లో లా కాలేజీ లేకపోతే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. 1987 నాటి చట్టం ప్రకారం పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. ఒప్పందంలో ప్రతి పేజీకీ జిరాక్స్ తీయించుకోండి, చిన్న అక్షరాలున్న చివరి పేజీతో సహా.

మీ మేలు కోరే
తాతయ్య