ఫలం ఎవరి చేతి నుండి?

ప్రియమైన పిల్లలకు,

మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీకందరికీ వందనములు. పోయిన ఆదివారం యౌవనస్థుల కూటంలో మీలో ఒకరు, "లోకంలో పేరు కోసం మేలు చేస్తే తప్పంటారు, మరి పరలోకంలో బహుమానం కోసం చేస్తే అది మాత్రం స్వార్థం కాదా తాతయ్యా?" అని అడిగారు. ఆరాధన ముగిసి అందరూ బస్సులకు తొందరపడుతున్న వేళ రెండు మాటల్లో చెప్పి పంపదగిన ప్రశ్న కాదు కనుక ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

మత్తయి సువార్త ఆరవ అధ్యాయం తీసి చదవండి. ధర్మం చేయడం, ప్రార్థించడం, ఉపవాసం ఉండడం అనే మూడింటి గురించి మాట్లాడుతూ ప్రభువు ఎక్కడా ఫలం ఆశించవద్దని చెప్పలేదు. రహస్యమందు చూచే తండ్రి మీకు ప్రతిఫలమిస్తాడని మూడుసార్లూ చెప్పాడు. మనుషులు చూడాలని చేసినవారు తమ ఫలం అప్పుడే పొందేశారని కూడా అన్నాడు. మెప్పు కోరారు, మెప్పు దొరికింది, అక్కడితో లెక్క తీరిపోయింది. కాబట్టి ఆయన మనల్ని అడిగేది ఫలం ఎవరి చేతి నుండి తీసుకోదలచుకున్నామని.

మన మందిరంలో ఫ్యాను ఆగినప్పుడు తలెత్తి చూస్తే రెక్క మీద ఎర్ర రంగుతో వ్రాసిన దాత పేరు కనిపిస్తుంది. చనిపోయిన తల్లిదండ్రుల జ్ఞాపకార్థం పేరు వ్రాయించినవారిని నేను తప్పుపట్టను, అది ప్రేమతో చేసిన పని. అయితే 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు వేలచ్చేరి, పల్లికరణై మునిగినప్పుడు, అన్నం పొట్లం అందుకుంటున్న మనిషి సిగ్గుతో తల దించుకుంటే, ఫోటో కోసం తల ఎత్తమని అడిగినవాళ్లను చూసి నాకు చాలా బాధ కలిగింది. ఆ పొట్లంలో ఉన్న అన్నం మంచిదే, ఆకలి తీర్చింది కూడా. కానీ ఇచ్చినవారు తమ ఫలాన్ని ఆ సాయంత్రమే ఫోన్‌లో లెక్కపెట్టుకున్నారు.

ఇంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. ఇంత కానుక వేస్తే దేవుడు ఇంతకు పదింతలు ఇస్తాడని, ఉద్యోగమో వీసానో ఇల్లో తప్పక వస్తుందని బోధించేవారి మాట వినకండి. చిట్టీ కట్టినట్టు దేవునికి కట్టి, పాట ఎప్పుడు మన పేరున వస్తుందా అని ఎదురుచూడడాన్ని భక్తి అనలేము.

ఇక స్వార్థం సంగతి. ప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానంలో, యజమాని అప్పగించిన సొమ్మును (తలాంతులను) వృద్ధి చేసిన నమ్మకమైన దాసుడు చివరకు పొందినదేమిటో చూడండి. "భళా" అన్న యజమానుని మాట, ఇంకా ఎక్కువ బాధ్యత, యజమానుని సంతోషంలో పాలు. యజమాని మీద ప్రేమ లేనివాడికి ఈ బహుమానం ఎందుకూ పనికిరాదు. దీన్ని కోరుకోవడమంటే ఆయనను కోరుకోవడమే కనుక, ఇందులో స్వార్థానికి చోటు లేదని నా నమ్మకం.

మైలాపూరు దగ్గర రైలు స్తంభాల కింద నల్లగా కనిపించే బకింగ్‌హాం కాలువను మీరు రోజూ దాటుతుంటారు. 1876–78 నాటి ఘోరమైన కరువులో, ఒంగోలు ప్రాంతంలో ఇదే కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని, తిండి లేని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. అక్కడ సువార్త విని చాలామంది బాప్తిస్మం అడిగారు. కూలి కోసం, గింజల కోసం ఎవరూ విశ్వాసులు కాకూడదని ఆయన కరువు సహాయం ముగిసేదాకా వారిని ఆపాడు. పంచేదంతా పంచి అయిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆకలిగా ఉన్నవారికి పని చూపించడంలో ఆయన ఆలస్యం చేయలేదని కూడా గమనించండి. పరలోకం మీద చూపు నిలిపినవాడు నేల మీది ఆకలిని పట్టించుకోడని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

లూకా పద్నాలుగో అధ్యాయంలో ప్రభువు, విందు చేసేటప్పుడు తిరిగి పిలవగలిగిన స్నేహితులనూ ధనవంతులనూ కాక బీదలను పిలవమన్నాడు. వారు తిరిగి ఇవ్వలేరు కనుకనే నీతిమంతుల పునరుత్థానంలో ప్రత్యుపకారం ఉంటుందన్నాడు. ఈ క్రిస్మస్ విందుకు మీరు వేసే జాబితాలో శ్రీకాకుళం నుండి వచ్చి మన వీధి చివరి కట్టడంలో పనిచేస్తున్న కుటుంబాలను చేర్చండి. పాస్టరుగారితో నేను మాట్లాడతాను. వడ్డించేవాళ్లు ఫోన్లు ఇంటి దగ్గరే పెట్టి రండి.

ప్రభువు ప్రేమలో,
మీ తాతయ్య
చెన్నై