క్లాసు రికార్డింగ్: సార్ హక్కు సరే, డౌటు అడిగిన అమ్మాయి సంగతేంటి?

కర్నూలు డిగ్రీ కాలేజీల్లో చాలా క్లాసుల్లో ఇప్పుడు ముందు బెంచీ మీద ఒకటో రెండో ఫోన్లు బోర్లా పెట్టి ఉంటాయి. సార్ పాఠం చెబుతుంటే అవి రికార్డు చేస్తుంటాయి. పిల్లలకు దాని అవసరం నిజంగానే ఉంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియం చేశారు. ఆలూరు, పత్తికొండ, కోసిగి వైపు పల్లెల్లో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఆ వేగం అందదు. రాత్రి హాస్టల్లో నాలుగుసార్లు వెనక్కి జరిపి వింటే గానీ ఒక పాఠం ఎక్కదు. అదే రికార్డింగ్ తెల్లారేసరికి ఏ వాట్సాప్ గ్రూపులో తేలుతుందో ఎవరూ చెప్పలేరు. టెన్షన్ అంతా అక్కడే.

ఈ గొడవ ఫోన్లతో పుట్టింది కాదు. రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో మొదలైంది. సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో జాన్ అబర్నెతీ అనే సర్జన్ వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పేవారు. 1823లో థామస్ వాక్లీ మొదలుపెట్టిన లాన్సెట్ పత్రిక ఆ పాఠాలను ఆయన్ని అడగకుండానే అచ్చేయడం మొదలుపెట్టింది. ఆయన కోర్టుకెక్కారు. 1825లో న్యాయమూర్తి లార్డ్ ఎల్డన్ ఆ అచ్చును ఆపించారు. విద్యార్థి తన చదువు కోసం పాఠం మొత్తం రాసుకోవచ్చు, దాన్ని బయట అచ్చేసి అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదన్నది ఆయన చెప్పిన మాట. 1887లో గ్లాస్గో యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ కెయిర్డ్ కేసులోనూ అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టుగా కూడా పనిచేసిన ప్రభువుల సభ అదే దారిలో వెళ్లింది. క్లాసులో విద్యార్థుల ముందు చెప్పిన పాఠం బహిరంగ సభలో చేసిన ప్రసంగంతో సమానం కాదని తేల్చింది.

మన చట్టంలోకీ ఆ గీతే వచ్చింది. 1957 కాపీరైట్ చట్టాన్ని 1994లో సవరించినప్పుడు ప్రదర్శకుల హక్కులు చేర్చారు. అందులో ప్రదర్శకులెవరో చెప్పే జాబితాలో నటులు, గాయకులు, గారడీవాళ్లు, పాములాడించేవాళ్లతో పాటు ఉపన్యాసం ఇచ్చే మనిషి కూడా ఉన్నాడు. అంటే పాఠం చెప్పే లెక్చరర్‌కు తన గొంతు మీద, తన రూపం మీద చట్టం ఇచ్చిన హక్కుంది. ఆ వెంటనే 39వ సెక్షన్ సొంత వాడకానికి చేసుకునే రికార్డింగ్, నిజాయితీగా బోధనకో పరిశోధనకో చేసేది ఉల్లంఘన కాదని చెబుతుంది. ఫోను కనబడగానే కేసు పెడతామని పిల్లలను బెదిరించేవాళ్లు ఈ ఒక్క సెక్షన్ చదివితే చాలు. కాలేజీ తన క్రమశిక్షణ నియమంగా ఫోన్లు వద్దనవచ్చు, అది వేరే సంగతి.

ఇక్కడ గెస్టు లెక్చరర్ల భయం గురించి చెప్పాలి. గంటకింతని డబ్బులు తీసుకునే మనిషి పాఠం ఒకసారి పూర్తిగా రికార్డయిపోతే, వచ్చే ఏడు అదే వీడియో వేసి తనను పిలవకపోతే ఏం చేయాలి? ఇది ఊరికే అనుమానం అని కొట్టేయలేం. ఎవరి వీడియో ఎన్నాళ్లు, దేనికి వాడతారో రాతపూర్వకంగా ఒప్పుకోకుండా కెమెరా పెట్టడం అన్యాయమని నేను గట్టిగా అంటాను.

అయితే ఇంత చరిత్రలోనూ మాట్లాడినదంతా పాఠం చెప్పేవారి హక్కు గురించే. వినేవాళ్ల గొంతు లెక్కలోకి రాలేదు. రావాల్సిన అవసరం కూడా అప్పట్లో అంతగా లేదు. 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో యూజీసీ పాఠాల ప్రసారం మొదలైనా, 2003లో ఐఐటీలు ఎన్పీటెల్ పేరుతో వీడియో పాఠాలు మొదలుపెట్టినా, 2017లో కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చినా, అవి ప్రసారం కోసమే తయారు చేసిన పాఠాలు. చెప్పేవారికి కెమెరా ఉందని ముందే తెలుసు. క్లాసులో కూర్చున్న పిల్లల పేర్లు, ముఖాలు వాటికి అక్కర్లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక లెక్క మారింది. జూమ్, గూగుల్ మీట్ క్లాసుల్లో ముఖం కింద పేరు, వెనక ఇల్లు, పక్కన తమ్ముడి ఏడుపు అన్నీ రికార్డయ్యాయి. జూమ్ సురక్షితమైన వేదిక కాదని కేంద్ర హోంశాఖే ఆ ఏప్రిల్‌లో హెచ్చరిక జారీ చేసింది. కాలేజీలు తెరిచాక ఆన్‌లైన్ క్లాసులు తగ్గాయి గానీ, రికార్డింగ్ అలవాటు మాత్రం క్లాసులోకి వచ్చి కూర్చుంది.

ఇప్పుడొక అమ్మాయి లేచి సగం తెలుగు, సగం ఇంగ్లిష్‌లో డౌటు అడుగుతుంది. ఎవరో నవ్వుతారు. ఆ పదిహేను సెకన్లు కత్తిరించి ఇంకెవరో స్టేటస్ పెడతారు. ఇక ఆ అమ్మాయి ఆ సెమిస్టరంతా నోరు తెరవదు. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ ఉంది కదా అంటారు. అది శరీరంలోని ప్రైవేటు భాగాల చిత్రాల గురించే చెబుతుంది, క్లాసులో గొంతు గురించి కాదు. కర్నూలు మెడికల్ కాలేజీది మరో చిక్కు. పెద్దాసుపత్రి వార్డులో మంచం పక్కన జరిగే క్లాసులో రోగి కూడా ఉంటాడు. రోగి అనుమతి లేకుండా, మనిషిని గుర్తుపట్టేలా ఫొటోలు అచ్చేయకూడదని 2002 వైద్య నియమావళి చెబుతోంది. అది రిజిస్టరైన డాక్టర్లు పత్రికల్లో వేసే ఫొటోల కోసం రాసిన నియమం. విద్యార్థి చేతిలోని ఫోను అప్పటికి ఎవరి ఊహలోనూ లేదు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఆ దారిలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2025 నవంబరులో దాని రూల్స్ వచ్చాయి. సమ్మతికి సంబంధించిన ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా. ఈ చట్టం కూడా విద్యార్థి సొంతానికి చేసుకునే రికార్డింగ్ జోలికి రాదు. కాలేజీయే క్లాసులు రికార్డు చేసి ఆన్‌లైన్‌లో పెడితే మాత్రం ఎవరి డేటా, ఎందుకు తీసుకుంటున్నామో చెప్పాలి. పద్దెనిమిది నిండనివాళ్లకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. బోధన, భద్రత కోసం విద్యాసంస్థలకు కొంత సడలింపు ఉంది గానీ, ఇంటర్ అయి నేరుగా డిగ్రీలో చేరిన పిల్లల్లో చాలామందికి పదిహేడేళ్లే అన్న సంగతి ప్రిన్సిపాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

ఫోన్లన్నీ నిషేధిస్తే పోలేదా అనేవాళ్లున్నారు. చూపు లేని విద్యార్థికి రికార్డింగే నోట్సు. 2016 వికలాంగుల హక్కుల చట్టం అలాంటి వెసులుబాటు ఇవ్వాలంటోంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకూ అది ఆసరాయే. అందుకే ఫోన్లు లాక్కోవడం కంటే క్లాసు మొదటి రోజునే నియమం రాసి గోడకు అంటించడం మేలు. సార్‌కు చెప్పి పాఠం రికార్డు చేసుకోవచ్చు, డౌట్లు మొదలవగానే ఆపాలి, ఫైలు గ్రూపుల్లో పెట్టకూడదు, వార్డులో ఫోను జేబులోంచి తీయకూడదు. కాలేజీ తానే వీడియో పెట్టదలిస్తే పిల్లల మాటలు తీసేశాకే పెట్టాలి. ఆ కత్తిరింపు పనికి ఒక మనిషిని, ఆ మనిషికి జీతాన్ని ఈ బడ్జెట్‌లోనే చూపించాలి.